ఏడో నంబరు

ప్రొద్దుటూరు బ్రాంచిలో, బంగారం లాకరు గది పక్కన
చీపురుకట్టలు పెట్టుకునే గది ఖాళీ చేయించి
నిలబెట్టిన ఇనప బీరువా.
దాని వెన్నుకు అంటుకుని పొడుగాటి కరెంటు పట్టీ,
పన్నెండు సాకెట్లు, ఒక ఐపీ అడ్రసు.
నేనుండేది కడపలో, ఏడురోడ్ల వెనక, రెండో అంతస్తు.
అక్కడ ప్లగ్గు, ఇక్కడ వేలు.

మా వైపు దీనికి ఎవరూ ఆశ్చర్యపోరు.
కమలాపురం రైతు మంచం దిగకుండానే
బోరు మోటారుకు ఫోన్ చేస్తాడు,
రెండు రింగులకు నీళ్ళు పడతాయి.
నాదీ అదే పని.
నీళ్ళు మాత్రం కనపడవు.

నాకు ముందు ఈ పట్టీని చూసుకున్న ఓబుళపతి
నోట్‌బుక్కు ఒకటి ఇచ్చిపోయాడు.
ఒకటి: సర్వరు. రెండు: అదే సర్వరు, ఇంకో ముక్కుపుటం.
మూడు: కెమెరాల పెట్టె.
ఆరు: ఎవరిదో తెలీదు, తీస్తే మేనేజరు అరుస్తాడు.
ఏడు దగ్గర కాఫీ మరక.
మరక కింద మిగిలినవి రెండక్షరాలు: తా, కొ.
తాకొద్దు అని తట్టలేదు.

మంగళవారం రాత్రి పదకొండున్నర.
ఏడు అర ఆంపియరు కూడా లాగడం లేదు.
పనీపాటా లేనిదేదో ఊరికే మేలుకొని ఉందనుకున్నా.
ఆపేయమన్నా.
"నిశ్చయమేనా?" అని అడిగింది పట్టీ.
ఇంట్లో ఎవరూ నన్నిట్లా అడగరు,
గబుక్కున అవునన్నా.

తెర మీద చిన్న చక్రం తిరిగింది.
తిరుగుతూనే ఉంది.
ఏడులో ఉన్నది నెట్‌వర్కు స్విచ్చి,
నా మాట పట్టీ దాకా నడిచిపోయే దారి.
ఎక్కిన నిచ్చెనను నేనే తన్నేశా.
దించమని అరవడానికి అక్కడింక చెవి లేదు.

వాచ్‌మన్ నబీరసూల్‌కు ఫోన్ చేస్తే
తలుపుకు చెవి ఆనించి విన్నాడు.
"ఫంకాలు తిరగతానే ఉండాయి మేడం.
లోపల అన్నీ బాగుండాయి.
తాళమే నా కాడ లేదు."
తాళం కడపలో, నా హ్యాండుబ్యాగులో.
నిజమే, ఏదీ చావలేదు.
లోపలున్నవన్నీ కులాసాగా లెక్కలు చేస్తున్నాయి
ఎవరికీ చెప్పలేక.

స్కూటీ తీశా.
కమలాపురం దాటాక నాపరాళ్ళ లారీల వెనక,
ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు పొడి పళ్ళ సందుల్లో.
ఎడమ పక్క దూరంగా థర్మల్ పొగగొట్టాలు,
వాటి నెత్తిన మినుక్కుమనే ఎర్ర దీపాలు.
అక్కడ అంత బొగ్గు కాల్చి ఊళ్ళూళ్ళకు పంపేదాన్ని
ఒక్క సాకెట్టు దగ్గర నేను నిలిపేశా.
నవ్వొచ్చింది. దుమ్ము నోట్లోకి పోయింది.

ఒకటీ ఇరవైకి తాళం తీశా.
ఏడు పక్కన బుడిపె, శెనక్కాయ విత్తంత.
నొక్కితే టిక్ అంది.
యాభై రెండు కిలోమీటర్లు, ఒక టిక్.
స్విచ్చి ముఖం మీద పచ్చ చుక్కలు
ఒక్కొక్కటే కళ్ళు తెరిచాయి.

మరక పక్కన ఎర్ర పెన్నుతో మూడుసార్లు రాశా.
పట్టీలో కూడా మార్చా: ఏడును ఎవరు ఆపినా
పది సెకన్లలో తనంతట తనే లేవాలి.
ఓబుళపతి ఈ పని ఎందుకు చేయలేదో
తెల్లారి ఫోన్ చేసి అడుగుదామనుకున్నా.
అడగలేదు. నేనూ రెండేళ్ళుగా చేయలేదు గదా.

టీ గ్లాసుతో వచ్చిన నబీరసూల్
పట్టీ వైపు వేలు చూపాడు.
"ఆ పదకొండోది ఖాళీగుంది గదా మేడం,
రాత్రిపూట నా ఫోను సచ్చిపోతాంది."
రూల్సు ఒప్పుకోవు.
తలుపు కింది సందులోంచి
తెల్ల వైరొకటి బయటికి పోయింది.
పదకొండుకు పేరు పెట్టమంది తెర.
పెట్టా.

ఇప్పుడు రాత్రిళ్ళు, కడపలో,
సర్వరు ఎంత మింగుతోందో, కెమెరాలు ఎంత తాగుతున్నాయో చూశాక
చివర్న ఆ నాలుగు వాట్లు కూడా చూస్తా.
మొన్న సున్నా ఉంది.
పన్నెండు దాకా చూశా. ఒంటిగంట దాకా చూసి
ఫోన్ చేశా.
"సార్జరు ఇంట్లో మర్చిపోతిని మేడం.
ఏం, మళ్ళా ఏమన్నా ఆగిపాయనా?"
ఏం లేదన్నా.
రేపు తెచ్చుకోమన్నా.